పరుగు ఆగిన నాడు కూడా

కర్నూలు నుంచి ఒక పెద్దాయన రాసిన ఉత్తరం ఈ నెల మా ముందుకు వచ్చింది. ఆయన కుమారుడు చాలా ఏళ్లుగా అమెరికాలో, షికాగో నగర శివార్లలో నివసిస్తున్నాడు. మనవరాలు అక్కడే ఉన్నత పాఠశాల చివరి తరగతులకు చేరుకుంది. చదువులో ముందుంటుంది, అయిదు పూటలా నమాజు చేస్తుంది, హిజాబ్ ధరిస్తుంది. పాఠశాల జట్టులో దూరపు పరుగు పందేలలో కూడా పాల్గొంటుంది. ఇప్పుడామె పేరుమోసిన పెద్ద విశ్వవిద్యాలయాన్ని కాదని, రెండు వేల మంది విద్యార్థులు మాత్రమే ఉండే ఒక చిన్న కళాశాలలో చేరతానంటోంది. ఎందుకని అడిగితే, అక్కడ దూరపు పరుగు జట్టు బాగుందని చెబుతోంది. తండ్రికి ఇది మింగుడు పడలేదు. తల్లి భయపడుతోంది. మూడు వారాలుగా ఆ ఇంట్లో దస్తర్‌ఖాన్ దగ్గర మాటలు తగ్గిపోయాయట. "పరుగు కోసం కళాశాలను ఎంచుకోవడమేమిటి? దీన్ దృష్టిలో దీనికి తావుందా? అబ్బాయి నన్ను సలహా అడిగాడు. నేనేం చెప్పను?" అని ఆ పెద్దాయన అడిగారు.

ఈ ప్రశ్న కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చు. కానీ మన కుటుంబాల పిల్లలు ఎందరో ఇల్లినాయిస్‌లో, టెక్సాస్‌లో, న్యూజెర్సీలో పుట్టి పెరుగుతున్నారు. వారి విషయంలో ఏ నిర్ణయం తీసుకోవలసి వచ్చినా ఫోను మోగేది కర్నూలులోనో, గుంటూరులోనో, నిజామాబాదులోనో ఉన్న దాదా, నానాల ఇళ్లలోనే. పెద్దల మాటకు ఇప్పటికీ విలువ ఉంది. అందుకే ఆ మాట తెలిసి చెప్పిన మాటై ఉండాలి. మాకు తెలిసినంతలో ఈ విషయాన్ని వివరిస్తాము.

పరుగు తక్కువ విషయమా?

ముందుగా ఒక సందేహాన్ని తీర్చుకుందాం. పరుగు పందెం మన సంప్రదాయానికి పరాయిది కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఒక ప్రయాణంలో సహచరులను ముందుకు సాగిపొమ్మని చెప్పి, హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసుకున్నారు. ఆమె గెలిచారు. కొంతకాలం తర్వాత మరో ప్రయాణంలో మళ్లీ పందెం జరిగితే ఆయన గెలిచారు. ఈ ఉదంతం హదీసు గ్రంథాలలో ఉంది. ఇందులో గమనించవలసినవి రెండున్నాయి. ఒకటి, స్త్రీ పరుగును ఆయన చిన్నచూపు చూడలేదు. రెండు, సహచరులను ముందుకు పంపి ఆమె మర్యాదకు, మరుగుకు తావు కల్పించారు. ఆనందాన్ని కాదనలేదు, హయాను వదలలేదు. సలమా బిన్ అక్వా (రజి) కాలినడక వేగానికి పేరుపొందిన సహాబీ. తనను ఎవరూ ఓడించలేరని సవాలు చేసిన ఒక అన్సారీతో ఆయన, దైవప్రవక్త (సఅసం) అనుమతి తీసుకుని, మదీనా దాకా పరుగెత్తి గెలిచారు.

మన కాలంలోనూ ఉదాహరణలున్నాయి. అల్జీరియాకు చెందిన హసీబా బూల్మర్కా 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల పరుగులో స్వర్ణం గెలిచింది. మొరాకోకు చెందిన హిషామ్ అల్ గర్రూజ్ 2004 ఏథెన్స్‌లో 1500, 5000 మీటర్లు రెండింటిలోనూ గెలిచాడు. 2024 పారిస్‌లో మారథాన్ గెలిచిన సిఫాన్ హసన్ హిజాబ్ ధరించి పతకం అందుకుంది. కాబట్టి 'పరుగు కోసమా?' అని అమ్మాయిని తేలికగా తీసిపారేయవద్దని తండ్రికి చెప్పండి. తెల్లవారుజామున లేవడం, నిద్రను, తిండిని అదుపులో పెట్టుకోవడం, ఫలితం కోసం నెలల తరబడి ఓర్పు వహించడం ఆ అమ్మాయి పరుగు వల్లనే నేర్చుకుని ఉండవచ్చు. సబ్ర్ గురించి మనం ఉపన్యాసాలలో చెప్పేదాన్ని ఆమె కాళ్లతో సాధన చేస్తోంది.

చిన్న కళాశాల అంటే

అమెరికాలో కళాశాలల క్రీడలను నిర్వహించే ప్రధాన సంస్థ ఎన్‌సీఏఏ. అందులో మూడు డివిజన్లు ఉన్నాయి. మూడో డివిజన్‌లో నాలుగు వందలకు పైగా కళాశాలలున్నాయి. వాటిలో ఎక్కువ భాగం చిన్నవే. ఈ డివిజన్‌లో ఆటల కోసం ఉపకార వేతనం ఇవ్వరు. కుటుంబ ఆర్థిక స్థితిని బట్టో, చదువులో ప్రతిభను బట్టో మాత్రమే సహాయం లభిస్తుంది. అంటే పరుగు ఆపేసినంత మాత్రాన సహాయం ఆగిపోదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే తల్లిదండ్రుల భయం సగం తగ్గుతుంది.

శరదృతువులో జరిగేది క్రాస్ కంట్రీ. పచ్చిక మీద, గుట్టల మీదుగా, మట్టి దారుల్లో పరుగు. మూడో డివిజన్‌లో అమ్మాయిలకు 6 కిలోమీటర్లు, అబ్బాయిలకు 8 కిలోమీటర్లు. ఒక జట్టు నుంచి ఏడుగురు పరుగెత్తితే, మొదట వచ్చిన అయిదుగురి స్థానాలను కూడుతారు. ఎవరి మొత్తం తక్కువైతే ఆ జట్టు గెలిచినట్టు. అందుకే అందరికంటే ముందు వచ్చిన ఒక్కరి వల్ల జట్టు గెలవదు. అయిదో అమ్మాయి ఎంత వెనుక వచ్చిందన్నదే తరచుగా ఫలితాన్ని తేలుస్తుంది. జమాఅత్‌తో నమాజు చేసేవారికి ఈ లెక్కలోని భావం వివరించనక్కరలేదు. మంచి జట్టులో పెరిగిన పిల్లలు వెనుకబడిన వారి కోసం ఆగడం నేర్చుకుంటారు.

ఇటువంటి కళాశాలలకు ఒక ఉదాహరణ షికాగోకు దగ్గరలో, నేపర్‌విల్ పట్టణంలోనే ఉంది. అక్కడి నార్త్ సెంట్రల్ కళాశాల పురుషుల క్రాస్ కంట్రీ జట్టు మూడో డివిజన్ జాతీయ పోటీలను 19 సార్లు గెలిచింది. అల్ కేరియస్ అనే శిక్షకుడు 1966 నుంచి అర్ధ శతాబ్దం పాటు ఆ జట్టును తీర్చిదిద్దాడు. పడమటి తీరంలో కాలిఫోర్నియాలోని పొమోనా, పిట్జర్ కళాశాలల ఉమ్మడి పురుషుల జట్టు 2019, 2021, 2023 సంవత్సరాలలో జాతీయ విజేత. మిన్నెసోటాలోని నార్త్‌ఫీల్డ్ అనే చిన్న ఊరిలో కార్ల్‌టన్, సెయింట్ ఓలఫ్ అనే రెండు కళాశాలలున్నాయి. రెండింటికీ దూరపు పరుగులో మంచి పేరుంది. చిన్నదంటే నాసిరకమని అనుకోనక్కరలేదు. తరగతిలో ఇరవై మంది ఉంటారు. అధ్యాపకుడికి ప్రతి విద్యార్థి పేరూ తెలుస్తుంది.

మొదటి ప్రశ్న

అయితే అమ్మాయిని కూడా ఒక ప్రశ్న అడగాలి. మా దృష్టిలో మిగిలిన ప్రశ్నలన్నీ దీని తర్వాతే. "బేటీ, చేరిన మొదటి నెలలోనే కాలి ఎముక చిట్లి, ఇక పరుగెత్తలేవని వైద్యుడు చెబితే, ఆ మర్నాడు కూడా నువ్వు ఈ కళాశాలలోనే ఉండాలని కోరుకుంటావా?"

ఇది ఆమెను భయపెట్టడానికి వేసే ప్రశ్న కాదు. దూరం పరుగెత్తేవారికి ఎముక గాయాలు అరుదు కావు. కాళ్లు అల్లాహ్ ఇచ్చిన అమానత్. ఎన్నాళ్లు నడుస్తాయో మనకు తెలియదు. ఆమె చదవదలచిన శాస్త్రం అక్కడ గట్టిగా బోధిస్తున్నారా? పరిశోధనశాలలో మొదటి సంవత్సరం విద్యార్థికి చోటుందా? కాళ్లకు కట్టు కట్టుకుని గదిలో కూర్చున్న రోజున పలకరించే మనుషులు జట్టు బయట కూడా ఉంటారా? వీటికి అవునని జవాబు వస్తే పరుగు ఆ కళాశాలకు అదనపు శోభ అవుతుంది. కాదని వస్తే, జట్టు ఎంత గొప్పదైనా ఆ కళాశాల ఆమెది కాదు.

పాఠాలు, వసతి, స్నేహాలు బాగుండి పరుగు మాత్రమే పోయిన జీవితాన్ని మళ్లీ నిలబెట్టుకోవచ్చు. పరుగు ఒక్కటే ఉండి, అది కూడా పోయిన జీవితం ఊరు కాని ఊరిలో, పద్దెనిమిదేళ్ల పిల్లకు మోయలేని బరువు.

వడ్డీ, వాగ్దానం

రెండో సంగతి డబ్బు. పేరున్న చిన్న ప్రైవేటు కళాశాలల్లో చదువు, వసతి, భోజనం అన్నీ కలిపి ఏడాదికి 80,000 డాలర్లు దాటాయి. ఈ అంకె చూసి చాలామంది తండ్రులు అక్కడితో ఆగిపోతారు. ప్రకటించిన ధర వేరు, కుటుంబం చెల్లించేది వేరు. ఆదాయ వివరాలు నింపితే మీ వాటా సుమారుగా ఎంతో చూపించే లెక్కింపు సాధనం ప్రతి కళాశాల వెబ్‌సైటులోనూ ఉంటుంది. ముందు ఆ లెక్క చూడండి.

మనకు దీనిలో మరో కోణం ఉంది. అక్కడి విద్యా రుణాలకు వడ్డీ ఉంటుంది. వడ్డీ విషయంలో మన ధర్మం ఎంత తీవ్రంగా హెచ్చరించిందో పాఠకులకు తెలుసు. ఆమ్హర్‌స్ట్, పొమోనా, స్వార్త్‌మోర్, విలియమ్స్ వంటి కొన్ని చిన్న కళాశాలలు తాము ఇచ్చే సహాయంలో రుణాన్ని చేర్చవు. కుటుంబానికి అవసరమని తేలిన మేరకు తిరిగి కట్టనక్కరలేని గ్రాంటుగానే ఇస్తాయి. ఈ నాలుగింటికీ పరుగు జట్లున్నాయి. కాకపోతే వీటిలో దరఖాస్తు చేసిన వారిలో నూటికి పది మందికి అటూ ఇటూగానే ప్రవేశం దొరుకుతుంది. కాబట్టి వీటి మీదనే ఆశ పెట్టుకోకుండా, రుణం లేకుండా చదవగలిగే మరో రెండు కళాశాలలనైనా జాబితాలో ఉంచాలి. వడ్డీ లేని విద్యా రుణాలు ఇచ్చే 'ఎ కంటిన్యువస్ చారిటీ' వంటి ముస్లిం సంస్థలు కూడా అక్కడ ఉన్నాయి.

హెచ్-1బీ వీసాపై ఉన్న కుటుంబాలు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ప్రభుత్వ ఆర్థిక సహాయం పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి, మరికొన్ని నిర్దిష్ట వర్గాలకు మాత్రమే. మిగిలినవారికి కళాశాల స్వంత నిధి నుంచే రావాలి. ఏ కళాశాల ఇటువంటి పిల్లలను ఏ వర్గంలో లెక్కిస్తుందో ముందే రాసి అడగాలి.

'ఎర్లీ డెసిషన్' అనే పద్ధతి గురించి కూడా చెప్పాలి. నవంబరులో ఒక్క కళాశాలకు దరఖాస్తు చేసి, ప్రవేశం ఇస్తే తప్పక చేరతామని విద్యార్థి, తల్లిదండ్రులు సంతకం చేస్తారు. శిక్షకులు తరచుగా ఈ దారిలో రమ్మని కోరతారు. ఇచ్చిన సహాయం చాలకపోతే తప్పుకునే వీలు సాధారణంగా ఉంటుంది. కానీ ఇతర కళాశాలల సహాయంతో పోల్చుకునే అవకాశం పోతుంది. విశ్వాసికి సంతకం ఊరికే వేసే గీత కాదు, అది అహద్. లెక్కింపు సాధనం చూపిన అంకెను అప్పు లేకుండా భరించగలమని రూఢి అయ్యాకే ఆ సంతకం చేయాలి. శిక్షకుడు ఎంత ఆప్యాయంగా మాట్లాడినా అతని మాట ప్రవేశం కాదు. ప్రవేశ కార్యాలయం నుంచి వచ్చే లేఖే ప్రవేశం.

పిల్లను ఎవరి చేతిలో పెడుతున్నాం?

మన ఇళ్లలో సంబంధం చూసేటప్పుడు ఎంత విచారిస్తాం! శిక్షకుడి విషయంలోనూ అంత విచారణ అవసరం. నాలుగేళ్ల పాటు రోజూ రెండు గంటలు ఆ మనిషి మాట మన పిల్ల చెవిన పడుతుంది.

జట్టు సభ్యుల పట్టికలు ఏళ్ల వారీగా కళాశాల వెబ్‌సైటులో ఉంటాయి. మొదటి సంవత్సరంలో ఎనిమిది మంది చేరితే నాలుగో సంవత్సరానికి ఎంతమంది మిగిలారో లెక్కపెట్టండి. ఇద్దరే మిగిలితే కారణం అడగండి. ఫలితాలు కూడా బహిరంగంగా దొరుకుతాయి. అందరికంటే వేగంగా పరుగెత్తే అమ్మాయిని కాక, మన పిల్లతో సమానమైన వేగంతో చేరినవారు నాలుగేళ్లలో ఎంత మెరుగయ్యారో చూడండి. జట్టు ఎలాంటిదో అక్కడ తెలుస్తుంది.

తల్లి అడగవలసిన ప్రశ్న ఒకటుంది. సిగ్గుపడి దాన్ని వదిలేయవద్దు. తేలికగా ఉంటే వేగంగా పరుగెత్తవచ్చన్న భ్రమతో కొందరు అమ్మాయిలు తిండి తగ్గిస్తారు. శ్రమకు సరిపడా తిండి లేకపోతే నెలసరి ఆగిపోతుంది, ఎముకలు బలహీనమవుతాయి, చిట్లుతాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి 'రెడ్-ఎస్' అని ప్రత్యేకంగా పేరు పెట్టి హెచ్చరించింది. జట్టులో అమ్మాయిల బరువు తూస్తారా? ఎవరి ముందు? నెలసరి తప్పితే చెప్పుకోవడానికి మహిళా వైద్యురాలో, మహిళా సహాయ శిక్షకురాలో ఉన్నారా? శరీరానికి మనపై హక్కు ఉందని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఆ హక్కును గౌరవించని జట్టు ఎన్ని పతకాలు తెచ్చినా మన పిల్లకు తగదు.

నమాజు, ఉపవాసం, హిజాబ్

ఇక దీన్ సంగతులు. వీటిని 'అక్కడికి వెళ్లాక చూద్దాం' అని వదిలేయకుండా, గడియారం, క్యాలెండరు ముందు పెట్టుకుని మాట్లాడాలి.

సాధన సాధారణంగా సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో మొదలవుతుంది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు. ఆ నెల మధ్యలో షికాగోలో సూర్యాస్తమయం నాలుగున్నరకే. అంటే అసర్ నమాజును సాధనకు ముందే చేసుకోవచ్చు గానీ, మగ్రిబ్ సాధన మధ్యలో వస్తుంది. పది నిమిషాలు పక్కకు వెళ్లి నమాజు చేసుకోవడానికి అభ్యంతరం ఉందా అని శిక్షకుణ్ణి నేరుగా అడగాలి. జవాబు మాటల్లో కంటే ముఖంలో ముందు తెలుస్తుంది. పోటీలు ఎక్కువగా శనివారాల్లో జరుగుతాయి. దూరపు పోటీ ఉంటే శుక్రవారమే బయలుదేరవలసి రావచ్చు.

ఉపవాసాల లెక్క మాత్రం ఈ కొన్నేళ్లకు అనుకూలంగా ఉంది. రమజాన్ ఏటా పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతుంది. 2027లో ఫిబ్రవరి రెండో వారంలో మొదలై, 2030 నాటికి జనవరి తొలి వారానికి వస్తుంది. అంటే 2026 శరత్తులో చేరిన అమ్మాయికి నాలుగేళ్లూ క్రాస్ కంట్రీ కాలంలో ఉపవాసాలు రావు. చలికాలపు ఇండోర్ పోటీల సమయంలో వస్తాయి. అప్పుడు అక్కడ పగళ్లు చిన్నవి. కఠిన సాధనను ఇఫ్తార్ తర్వాతకు మార్చడానికి, భోజనశాలలో సహరీకి పొట్లం కట్టి ఇవ్వడానికి కళాశాల సిద్ధమా అన్నది కనుక్కోవాలి. హలాల్ ఆహారం సంగతి కూడా అప్పుడే అడగాలి.

హిజాబ్ విషయంలో ఒక సంఘటన తెలుసుకోదగింది. 2019 అక్టోబరులో ఒహాయో రాష్ట్రంలో నూర్ అబూకరం అనే పదహారేళ్ల పాఠశాల క్రీడాకారిణి క్రాస్ కంట్రీ పందెం పూర్తిచేసింది. ఆ తర్వాత, హిజాబ్‌కు ముందస్తు అనుమతి పత్రం లేదన్న కారణంతో తన ఫలితాన్ని లెక్కలోకి తీసుకోలేదని ఆమెకు తెలిసింది. ఆమె ఊరుకోలేదు. ఆమె, ఆమెకు అండగా నిలిచినవారు చేసిన కృషితో 2022లో ఆ రాష్ట్రం, మతపరమైన వస్త్రధారణకు ముందస్తు అనుమతి అక్కరలేకుండా చట్టం చేసింది. దీని నుంచి నేర్చుకోవలసింది ఏమిటంటే, తల కప్పుకునే వస్త్రం, పొడుగు చేతులు, కాళ్లు కప్పే దుస్తులు జట్టు దుస్తుల్లో భాగంగా ఇస్తారా అన్నది చేరకముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.

చిన్న కళాశాలలో ముస్లిం విద్యార్థులు కొద్దిమందే ఉంటారు. నార్త్‌ఫీల్డ్ వంటి ఊరి నుంచి సోమాలీ ముస్లింలు నివసించే ఫారిబో పట్టణానికి సుమారు 20 కిలోమీటర్లు. కారు లేని విద్యార్థికి అది దూరమే. జుమా ఎక్కడ, ఈద్ నాడు ఎవరింటికి వెళుతుంది, జట్టు వారాంతపు విందుల్లో మద్యం ఉంటే ఆమె లేచి రాగలదా, మరొక అమ్మాయి ఆమెతో పాటు లేచి వస్తుందా అన్నవి కూడా ఆలోచించాలి. ఒక రాత్రి ఆ కళాశాల వసతి గృహంలో జట్టు అమ్మాయిల మధ్య గడిపి వస్తే వీటికి సగం జవాబులు దొరుకుతాయి. తల్లి కూడా ఆ ఊరికి వెళ్లి, దగ్గరి మస్జిదులో ఒక పూట నమాజు చేసి, అక్కడి సోదరీమణులతో మాట్లాడి రావాలి.

ఆడపిల్ల ఇంటికి దూరంగా ఉండటం, మహ్రమ్ లేకుండా ప్రయాణించడం గురించి ధర్మపండితుల అభిప్రాయాలలో తేడాలున్నాయి. మేము ఇక్కడ ఫత్వా ఇవ్వడం లేదు. తమకు నమ్మకమున్న ఆలిమ్‌ను సంప్రదించమని మీ అబ్బాయికి చెప్పండి. గంటలోపు కారులో చేరుకోగల కళాశాలలను కూడా జాబితాలో పెట్టమనండి. అమ్మాయి కోరికకు, తల్లి మనసుకు మధ్య దారి ఒక్కోసారి ఇంటి పక్కనే ఉంటుంది.

పెద్దాయనకు మా మాట

జనాబ్, మీ అబ్బాయికి ఫోను చేసినప్పుడు ముందుగా మనవరాలిని పిలవమనండి. ఆమె ఎంత దూరం పరుగెత్తుతుందో, ఎన్ని నిమిషాల్లో పూర్తి చేస్తుందో, ఆ కళాశాలలో ఆమెకు నచ్చినదేమిటో అడగండి. మధ్యలో ఆపకండి. బహుశా ఇంత వరకూ ఆ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అదేనేమో! షూరా అంటే పెద్దలు తీర్పు చెప్పడం కాదు, ఎవరి జీవితం గురించి మాట్లాడుకుంటున్నారో వారి మాట కూడా వినడం. ఆ తర్వాత మేము చెప్పిన మొదటి ప్రశ్నను మీరే, మీ గొంతుతోనే వేయండి. తండ్రి వేస్తే అది అడ్డుగా తోచవచ్చు. దాదా వేస్తే ఆలోచిస్తుంది.

ఆమె జవాబు తడబడితే కోప్పడకండి; మరికొన్ని కళాశాలలు చూడమనండి. నిబ్బరంగా జవాబు చెబితే మాత్రం తండ్రి ఇక అడ్డు చెప్పకూడదని మా అభిప్రాయం. లెక్కలు చూసుకుని, విచారణలు చేసుకుని, ముగ్గురూ ఇస్తిఖారా నమాజు చేసుకోమనండి. ఒంటెను కట్టిన తర్వాతే తవక్కుల్ అని మనకు నేర్పిన దైవప్రవక్త (సఅసం) బాట ఇదే.

ఆ ఇంటి దస్తర్‌ఖాన్ దగ్గర మళ్లీ మాటలు మొదలవ్వాలని, ఆ అమ్మాయి ఎక్కడ చదివినా ఆమె చదువులోను, పరుగులోను, ఈమాన్‌లోను అల్లాహ్ శుభం ప్రసాదించాలని ప్రార్థిస్తున్నాము. ఆమీన్.